బొట్టు పెట్టిన గుండ్లు

భాస్కరమూర్తికి దేవుడి మీద నమ్మకం లేదు. డాక్టర్ల మీద అంతకన్నా లేదు. అయినా ఒక డాక్టరమ్మను చేసుకుని, నలభై ఎనిమిదేళ్ళుగా ఆవిడ పూజామందిరం పక్కగదిలోనే నిద్రపోతున్నాడు. ఆయనకు నమ్మకమంటూ ఉంటే అది లోహాల మీద. మెటలర్జీ చదివి, హాంబర్గ్‌లో ఒక పోత కర్మాగారంలో ముప్పై నాలుగేళ్ళు ఇత్తడినీ కంచునీ కాచి పోసి, రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదలక, ఇప్పుడు డెబ్బై అయిదో ఏట ఇంటి గరాజులో సీసం కాస్తున్నాడు.

సీసం ఎందుకంటే గుండ్లకి. గుండ్లు ఎందుకంటే తుపాకీకి. తుపాకీ ఎందుకని మాత్రం ఎవరూ అడక్కూడదు. అడిగితే ఆయన కాకినాడ ఇంజనీరింగు కాలేజీ దగ్గర మొదలుపెట్టి, ఎన్.సి.సి.లో త్రీ నాట్ త్రీ పట్టుకుని పదికి పది కొట్టిన కథ చెబుతాడు. ఆ కథలో మొదట్లో పదికి ఏడే ఉండేవి. జర్మనీ వచ్చిన కొత్తలో ఎనిమిదయ్యాయి. ఆ ఎన్.సి.సి. సుబేదారుగారు కాలం చేశారని తెలిసిన ఏడాది పదీ పూర్తయ్యాయి.

ఆయన దగ్గరున్నదీ అలాంటి త్రీ నాట్ త్రీయే. బ్రిటిష్ సైన్యం వాడి వాడి వదిలించుకున్నది, ఆయనకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. ఎల్బ్ నది దాటి దక్షిణంగా వెళితే ఆపిల్ తోటల మధ్య మోర్‌బ్రూక్ అని ఒక పల్లె ఉంది. అక్కడ మూర్తి దంపతులు ముప్పై ఏళ్ళ కిందట ఇల్లు కట్టుకున్నారు. ఆ పల్లెలో ఒక తుపాకుల సంఘం ఉంది. ఏటా ఒకసారి ఆకుపచ్చ కోట్లు తొడుక్కుని బ్యాండు మేళంతో ఊరేగుతారు, మిగిలిన ఏడాదంతా ఆదివారాలు కాగితాలకి చిల్లులు పెట్టి బీరు తాగుతారు. అందులో చేరడానికి పరీక్షలు రాసి, లైసెన్సులు తెచ్చుకుని, ఇంట్లో పోలీసులకు నచ్చిన ఇనుప బీరువా బిగించుకుని, ఆయన తుపాకీ కొన్నాడు. తెచ్చిన కాగితాలన్నీ తూస్తే తుపాకీ కన్నా బరువుంటాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కిందటేడు కుడిభుజానికి ఆపరేషనైంది. ఫ్యాక్టరీ గుండు పేలిస్తే త్రీ నాట్ త్రీ గాడిదలా వెనక్కి తంతుంది. ఇక తన్నించుకోవద్దని ఆసుపత్రి వాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు. మూర్తి ఊరుకుంటాడా? సొంతంగా పోసిన మెత్తటి సీసం గుండు పెట్టి, వెనకాల మందు సగం చేస్తే, తుపాకీ తన్నడం మానేసి భుజం తట్టి పలకరిస్తుందని కనిపెట్టాడు. అంటే ఆయన ఆటంతా ఇప్పుడు ఆ సీసం గుండ్ల మీద నిలబడి ఉంది. అవి లేకపోతే తుపాకీని అమ్ముకుని, పొద్దున్న లేచి ఆపిల్ చెట్లని చూస్తూ కూర్చోవాలి. ఆపిల్ చెట్లంటే ఆయనకు చచ్చేంత విసుగు.

సరిగ్గా ఆ గుండ్ల మీదే హోల్గర్ కన్నుపడింది.

హోల్గర్ సంఘంలో తుపాకులు కాల్చే రేంజి చూసుకునే మనిషి. వయసు యాభై రెండు, తొమ్మిదేళ్ళుగా శరత్కాలపు పోటీలో మొదటి బహుమతి ఇంకొకరి చేతికి పోనివ్వలేదు. గుండ్లు ఖరీదైన ఫ్యాక్టరీ డబ్బాల్లో, రాగి తొడుగులతో తళతళలాడుతూ రావాలిగాని, ముసలాళ్ళు గరాజుల్లో కాచుకోవడమేమిటని ఆయన బాధ. ఆగస్టు సమావేశంలో లేచి నిలబడ్డాడు. "చేత్తో పోసిన గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కాగితం తప్పి, అది బిగించే చట్రాల కొయ్యల్లో దిగుతోంది. ఈ ఏడు ఇప్పటికే రెండు కొయ్యలు మార్చాం. ఈ సీసం గుండ్లు ఆపేయాలి." మూర్తి లేచి సీసం, తగరం, ఆంటిమొనీల గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. దాంతో అప్పటిదాకా ఆయన వైపున్న వాళ్ళు కూడా హోల్గర్ వైపు జరిగారు.

చివరికి సంఘం అధ్యక్షురాలు ఫ్రౌ పేటర్‌సన్ కల్పించుకుంది. ఆవిడ ఆపిల్ రైతు, మాట తక్కువ, చెయ్యి పెద్దది. "అక్టోబరు పోటీలో హెర్ మూర్తి పది సీసం గుండ్లు కాలుస్తాడు. పదీ కాగితం మీద పడితే అనుమతి ఉంటుంది. ఒక్కటి తప్పినా ఉండదు," అని మినిట్సు పుస్తకంలో రాసేసి, బీరుకి లేచింది.

అలా మూర్తి బతుకు పది గుండ్ల మీదికొచ్చింది.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం గరాజు తలుపు బార్లా తెరిచి, పొయ్యి మీద ఇనుప కుండ పెట్టి ఆయన పని మొదలెట్టాడు. పక్క టౌనులో పాత అచ్చాఫీసు మూసేస్తుంటే రెండు బకెట్ల అచ్చు అక్షరాలు తెచ్చుకున్నాడు. పాత ఇళ్ళ కప్పుల మీంచి తీసిన మెత్తటి సీసంలో ఈ అక్షరాలు కలిపితే గుండుకి కావలసినంత గట్టిదనం వస్తుంది. కుండ మీద తేలిన తెట్టు గరిటెతో తీసి పారేస్తున్నాడు. ఆ గరిటె ఒకప్పుడు వంటింట్లో ఉండేది. దాని కోసం కుముదిని రెండు నెలలు ఇల్లంతా వెతికింది.

కుముదిని కాఫీ పట్టుకుని వచ్చింది. ఆవిడ హాంబర్గ్ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా ముప్పై అయిదేళ్ళు జర్మన్లని నిద్రపుచ్చి రిటైరైంది. మూర్తి ఏ సూదీ లేకుండా ఆ పని చేయగలడని స్నేహితుల దగ్గర అంటుంటుంది. గరిటెని ఆవిడ గుర్తుపట్టింది, కానీ అంతకన్నా పెద్ద నేరం కుండలో కనిపించింది.

"ఏవిటండీ అందులో వేస్తున్నారు?"

"అచ్చు అక్షరాలు."

"అక్షరాలా! సరస్వతిని పట్టుకుని సలసలా కాచేస్తున్నారా?"

"అవి జర్మన్ అక్షరాలేలే."

"జర్మన్ అక్షరాలైతే సరస్వతి కాదా? యాభై ఏళ్ళుగా మనకి తిండి పెట్టింది ఆ అక్షరాలు కాదూ? పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం. మీరు ఏకంగా కుండలో వేసి ఉడికిస్తున్నారు. నవరాత్రుల ముందు!"

మూర్తి కరిగిన సీసం గుండ్ల అచ్చులో పోశాడు.

"మహర్నవమి నాడు ఆ గుండ్లు నా పూజలో పెట్టాలి. ఆయుధపూజ చేస్తా. అదే ప్రాయశ్చిత్తం," అంది కుముదిని.

"తుపాకీ బీరువాలోంచి బయటికి రాదు. చట్టం ఒప్పుకోదు. పోలీసులొస్తే మీ అమ్మవారు జామీను ఇస్తుందా?"

"మీ తుపాకీ ఎవరిక్కావాలి? మందు కూరకముందు గుండ్లంటే ఉత్త సీసం ముక్కలేనని మీరే కదా చెప్పారు. అవివ్వండి చాలు. ఆ గరిటె కూడా ఇవ్వండి. వద్దులెండి, దాన్ని మీరే ఉంచుకోండి."

ఆ సాయంత్రానికి నూటయాభై గుండ్లు పోశాడు. చల్లారాక ఒక్కొక్కటీ చిన్న త్రాసులో తూచి, బరువు వెంట్రుకవాసి తేడా ఉన్నవాటిని కుండలోకి తిరిగి విసిరేసి, మిగిలినవాటిని కంటి దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ముడత ఉంటే పక్కన పెట్టాలి. ఒక్కదానికీ ముడత లేదు. అన్నీ నున్నగా, పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. ఏరి ఏరి ఇరవై తీశాడు. వాటిని తేనెమైనం, ఆముదం కలిపి కరిగించిన దాంట్లో ముంచి ఆరబెట్టాడు. మైనం లేకపోతే తుపాకీ గొట్టం లోపల సీసం పూసుకుపోతుంది. ఇల్లంతా ఆముదం వాసన కొడుతుంటే చిన్నప్పుడు ఆముదం తాగించిన ఆదివారాలు గుర్తొచ్చి కుముదిని కిటికీలన్నీ తెరిచేసింది.

"మరి కళ్ళ సంగతి?" అంది రాత్రి భోజనాల దగ్గర. ఆ ప్రశ్న రెండేళ్ళుగా వడ్డిస్తూనే ఉంది. "శుక్లాలు ముదిరాయి. కంటి డాక్టర్ దగ్గర టెర్మిన్ బుక్ చేసుకోమంటే చేసుకోరు."

"నా కళ్ళకేం? నూటయాభై గుండ్లు చూశాను ఇవాళ, ఒక్క ముడత లేదు."

కుముదిని ఆయన వంక ఒక క్షణం చూసి, పెరుగు వేసుకుంది.

ఆ ఏడు మహర్నవమి బుధవారం వచ్చింది. మూర్తి లేచి వచ్చేసరికి పూజ అయిపోయింది. మందిరం ముందు పీట మీద కుముదిని స్టెతస్కోపు, కారు తాళాలు, మిక్సీ జారు, లాప్‌టాపు, వాటి మధ్య వెండి పళ్ళెంలో ఇరవై గుండ్లు, స్కూలు పిల్లల్లా వరసలు కట్టి నిలబడి ఉన్నాయి. ప్రతి గుండుకీ ముక్కు మీద దిట్టంగా బొట్టు.

"కుముదం! ఏం చేశావే ఇది!"

"బొట్టు పెట్టాను. బొట్టు పెట్టకుండా పూజేవిటి?"

"అవి పోటీ గుండ్లు! ఒక్కోటి తూచి ఏరాను! తుడిచెయ్యి."

"మీరే తుడవండి. దాంతోపాటు మైనం కూడా పోతుంది. మైనం పోతే గొట్టం పాడైపోతుందని నెలకోసారి నా బుర్ర తినేది మీరే. మా నాయనమ్మ వెంకటరమణమ్మగారు నుదుట మైనం రాసి దాని మీదే కుంకుమ అద్దేది. స్నానం చేసినా పోయేది కాదు. మీ గుండ్లకీ అలాగే పట్టింది. ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి."

మళ్ళీ పోద్దామంటే ఆదివారమే పోటీ, అప్పటిదాకా రోజూ వాన అన్నారు, తడి గాలిలో ఆయన సీసం పోయడు. త్రాసు తెచ్చి బొట్టు పెట్టిన గుండుని తూచాడు. బరువులో తేడా చూపించలేదు. త్రాసు కూడా ఆయనలాగే కుంకుమని లెక్కలోకి తీసుకోని రకం అన్నమాట. దాంతో కాస్త స్థిమితపడి, ఆ ఇరవైనీ మందు కూరిన తూటాల్లో బిగించాడు.

"ఇంతకీ ఆ బొట్టు ఏ రంగులో కనపడుతోంది మీకు?" అంది కుముదిని, మామూలుగా అడిగినట్టు.

మూర్తికి అది కాఫీ మరక రంగులో కనపడుతోంది. "ఎర్రగానే," అన్నాడు. కుంకుమ ఎర్రగా ఉంటుందని ఆయనకు తెలుసు కదా.

ఆదివారం పొద్దున్న వాన జల్లు, పక్కవాటు గాలి. రేంజిలో వంద మీటర్ల అవతల కొయ్య చట్రాలకి కాగితాలు బిగించారు. మూర్తికి మూడో నంబరు, పక్కనే నాలుగు హోల్గర్‌ది. ఆ సంఘంలో పోటీ మధ్యలో దుర్భిణి పెట్టి చూసుకోవడం లేదు. పది గుండ్లూ అయ్యాక అందరూ తుపాకులు ఖాళీ చేసి, నడిచి వెళ్ళి చూడాలి. కుముదిని కూడా వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ రాలేదు. ఈసారి ఆపిల్ కేకు చేసుకుని వచ్చి, గాజు కిటికీ వెనకాల ఫ్రౌ పేటర్‌సన్ పక్కన కూర్చుంది. భుజం సంగతి చూడ్డానికొచ్చానని అంది. పెట్టిన బొట్లు ఏమవుతాయో చూడ్డానికొచ్చింది.

మూర్తి మొదటి గుండు పేల్చాడు. ఫ్యాక్టరీ గుండు ఉరిమినట్టు పేలుతుంది. ఇది కొబ్బరికాయ కొట్టినంత చప్పుడు చేసింది. భుజం నొప్పెట్టలేదు. గొట్టం చివర్నించి మైనం, ఆముదం పొగ తెల్లగా లేచి, గాలికి పక్కకి తిరిగి, తిన్నగా హోల్గర్ మొహంలోకి వెళ్ళింది. హోల్గర్ దగ్గాడు. మూర్తి "క్షమించాలి" అన్నాడు గానీ ఆ మాటలో క్షమాపణ పెద్దగా లేదు.

ఎనిమిది, తొమ్మిది. దూరంగా ఉన్న నల్లటి చుక్క వానలో చెదిరి రెండుగా కనపడుతోంది. మూర్తి కళ్ళు నులుముకున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇదొక్కటీ పడితే చాలు, ఇంకెన్నాళ్ళయినా ఆదివారాలు తనవే. ఊపిరి బిగబట్టి పదోది వదిలాడు. ఆ పొగ వెళ్ళి తగిలినప్పుడే హోల్గర్ తుపాకీ కూడా పేలింది. హోల్గర్ మొహం చిట్లించుకుని, ఏదో జర్మన్‌లో తిట్టుకుని, లేచి నిలబడ్డాడు.

తుపాకులు ఖాళీ చేశారు. ఎర్ర దీపం వెలిగింది. అందరూ గొడుగులేసుకుని నడిచారు, కుముదిని కూడా.

మూడో నంబరు కాగితం మీద చిల్లులు తొమ్మిదే.

ఫ్రౌ పేటర్‌సన్ రెండుసార్లు లెక్కపెట్టింది. తొమ్మిదే. మూడుకీ నాలుగుకీ మధ్యనున్న కొయ్యలో ఒక కొత్త గుంట, చుట్టూ పచ్చిగా లేచిన పేళ్ళు. హోల్గర్ గుంటలో వేలు పెట్టి, "ఇదిగో. నేను చెప్పింది ఇదే," అన్నాడు. తర్వాత తన కాగితం వైపు తిరిగాడు. అక్కడ పది చిల్లులున్నాయి. పది చూసి ఆయన మొహంలో సంతోషం రావడానికి ముందు ఇంకేదో వచ్చి పోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, మూర్తి తప్ప.

మూర్తి కూడా నాలుగో నంబరు కాగితం దగ్గరికి వెళ్ళాడు. ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టి చూశాడు. తొమ్మిది చిల్లులకి అంచులు శుభ్రంగా, సన్నటి నల్ల గీతతో ఉన్నాయి. పదో చిల్లు, నల్లటి చుక్కకి కాస్త ఎడమగా ఉన్నది, వేరుగా ఉంది. దాని చుట్టూ బూడిదరంగు మైనం మరక, ఆ మరకలో కాఫీ రంగు. బుధవారం వెండి పళ్ళెంలో చూసిన కాఫీ రంగు అచ్చం అదే.

ఆయనకు అప్పుడర్థమైంది. తన పదో గుండు కాగితం మీదే పడింది, పక్కవాడి కాగితం మీద. చుక్క రెండుగా కనపడితే తనది కాని చుక్కని కొట్టాడు. తుపాకీ పట్టినవాడికి అంతకన్నా తలవంపు లేదు. ఎన్.సి.సి.లో ఆ పని చేసిన కుర్రాణ్ణి సుబేదారు మైదానం చుట్టూ తుపాకీ నెత్తిన పెట్టించి పరిగెత్తించాడు. ఆ కుర్రాడు ఎవరన్నది మూర్తి ఇంతవరకూ ఏ కథలోనూ చెప్పలేదు.

నోరు మూసుకుంటే సరిపోతుంది. గుండు దారి తప్పిందంటారు. పాపం గాలి అంటారు. ఆయన మంచి షూటరుగానే రిటైరవుతాడు. కళ్ళ మాట ఎవరూ ఎత్తరు. నోరు విప్పితే డెబ్బై అయిదేళ్ళ గుడ్డివాడు పక్కవాడి కాగితం మీద కాల్చాడని ఈ ఊరు క్రిస్మస్ దాకా నవ్వుతుంది, కుముదిని ఆ పైన కూడా నవ్వుతుంది.

ఫ్రౌ పేటర్‌సన్ గొడుగు భుజానికి ఆనించుకుని, మినిట్సు పుస్తకం తెరిచి, పైకి చదువుతూ రాస్తోంది. "హెర్ మూర్తి పోసిన సీసం గుండు దారి తప్పి..."

"తప్పలేదు," అన్నాడు మూర్తి.

అందరూ చూశారు.

"నా గుండు దారి తప్పలేదు. నేను చూపించిన చోటికే వెళ్ళింది. తప్పు చోటు చూపించింది నేను. నా కంటికి పక్కది కూడా నాదిలాగే కనపడింది. హోల్గర్ కాగితం మీద ఎడమవైపున్న ఆ చిల్లు నాది." ఒక్క గుక్కలో అనేశాడు. లోహం మీద పడుతున్న నింద వినలేక తన పరువు తీసుకుపోయి కుండలో పడేశాడు.

హోల్గర్ ఎర్రబడ్డాడు. "ఏమిటీ ఆధారం? చిల్లు మీద పేరు రాసుందా?"

"ఉంది," అన్నాడు మూర్తి. ఆ తర్వాత మాట రావడానికి ఆయనకు చాలా కష్టమైంది. జీవితమంతా నాస్తికుడుగా బతికిన మనిషి, ఇరవైమంది జర్మన్ల ముందు, వానలో నిలబడి, అమ్మవారి కుంకుమని సాక్షిగా పిలవాల్సి వచ్చింది. "మా ఆవిడ బుధవారం నా గుండ్లన్నిటికీ... పూజ చేసింది. ఎర్రటి పొడి పెట్టింది. ఆ చిల్లు చుట్టూ చూడండి."

ఫ్రౌ పేటర్‌సన్ వంగి చూసింది. "ఎర్రగా ఉంది," అంది. మూడో నంబరు కాగితం దగ్గరికి వెళ్ళి తొమ్మిదీ చూసింది. "ఇవీ ఎర్రగానే ఉన్నాయి. అన్నీ." మూర్తి జేబులోంచి డబ్బా తీసి మిగిలిన పది తూటాలూ చూపించాడు. పది ఎర్రటి ముక్కులు వరసగా వాళ్ళ వంక చూశాయి. ఎవరో వెనకనుంచి పకాలున నవ్వారు.

"మరి కొయ్యలో దిగిందేమిటి?" అన్నాడు హోల్గర్, గొంతు ఇంకా పెంచి.

"అదే చూద్దాం," అంది ఫ్రౌ పేటర్‌సన్. ఆపిల్ కొమ్మలు కత్తిరించే మడతకత్తి జేబులోంచి తీసి గుంటలో పెట్టి గెలికింది. రెండు నిమిషాలకి ఒక నలిగిన ముక్క ఆవిడ అరచేతిలో పడింది. మూర్తి దాన్ని వేళ్ళతో తడిమాడు. ఈ పరీక్షకి ఆయనకు కళ్ళక్కర్లేదు. "రాగి తొడుగు," అన్నాడు మెల్లగా. "ఫ్యాక్టరీది. చాలా మంచి ఫ్యాక్టరీ."

"మీ పొగ కళ్ళలో పడింది," అన్నాడు హోల్గర్, చిన్న గొంతుతో.

"పడింది. దానికి మాత్రం నిజంగా క్షమించాలి," అన్నాడు మూర్తి. ఈసారి ఆ మాటలో క్షమాపణ ఉంది.

ఫ్రౌ పేటర్‌సన్ రాసిన వాక్యాన్ని కొట్టేసి, ఆగస్టు పేజీ తిరగేసి చదువుకుంది. పది గుండ్లూ కాగితం మీద పడాలని ఉంది. పడ్డాయి. పక్కవాడి కాగితం మీద కాల్చింది బహుమతి లెక్కలోకి రాదు గానీ, సీసం గుండ్లు ఉంటాయంది. హోల్గర్‌కి తొమ్మిదే లెక్క, కాబట్టి మొదటి బహుమతి పదేళ్ళలో తొలిసారి మారుతుంది. కొయ్య ఖర్చు, అందులో ఎవరి గుండు దిగిందో వాళ్ళే భరిస్తారు. ఇక కేకు తిందాం అంది.

కుముదిని నడుస్తూ మూర్తి గొడుగు కిందికి వచ్చింది.

"రెండుగా కనపడుతోందా?"

"వానకి," అన్నాడు.

"ఏవండీ."

"...ఏడాదిగా."

"రేపు పొద్దున్న టెర్మిన్ తీసుకుంటున్నా."

ఇరవైమంది ముందు తన కళ్ళ సంగతి తనే ఒప్పుకున్నవాడికి ఇక వాదనేముంది? ఓడిపోయినందుకు మూర్తికి నిజానికి చాలా హాయిగా ఉంది. ఆదివారాలు ఆయనవి ఆయనకున్నాయి.

నవంబరు చివర్లో కుడికంటికి ఆపరేషనైంది. కంటి డాక్టరు చదివింపుల చీటీలా ఒక చుక్కలమందుల పట్టిక ఇచ్చి, వారం పాటు గరాజు వైపు వెళ్ళొద్దన్నాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే మూర్తి గరాజులో ఉన్నాడు. పోటీలో మిగిలిన పది తూటాలూ బీరువాలో ఉన్నాయి గానీ, ఏరగా మిగిలిన గుండ్లు డబ్బా నిండా బల్ల మీదున్నాయి. ఒకటి తీసి దీపం కింద పట్టుకున్నాడు.

ముడత. ఇంకోటి తీశాడు. ముడత. మూడోది, నాలుగోది, అన్నిటి మీదా ఎండిన చెరువు గట్టులా ముడతలే. పరుగున వెళ్ళి బీరువా తాళం తీసి పోటీ తూటాలు చూశాడు. కుంకుమ అంచుల కింద నుంచి అవీ అలాగే ముడతలు పడి ఉన్నాయి.

"కుముదం!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇవన్నీ ముడతలే! అచ్చు వేడెక్కకముందే పోశాను! అప్రెంటిసు గాడు పోసినా ఇంతకన్నా నయం. ఈ చెత్తని వెనకేసుకొచ్చానా నేను, అంతమంది ముందు?"

"తెలుసు."

"తెలుసా? నీకెప్పుడు తెలుసు?"

"మహర్నవమి నాడే చూశాను. చెబితే కళ్ళ గొడవ మొదలెడతారని ఊరుకున్నా. బొట్టు ఎక్కడ పెట్టాననుకున్నారు? ప్రతిదానికీ ముక్కు మీద ముడత ఎక్కడ పెద్దగా ఉందో అక్కడే పెట్టాను. పండగపూట పీట మీద కూర్చున్నాయి కదా, నలుగురిలో అలా వదిలేస్తామా?"

మూర్తి తలెత్తాడు. ట్యూబులైటు కింద కుముదిని నిలబడి ఉంది. కొన్నేళ్ళుగా ఆవిడని పొగమంచులోంచి చూస్తున్నాడు, ఆ సంగతి ఆయనకు ఇప్పుడే తెలిసింది. కళ్ళ చివర, బుగ్గల మీద, గొంతు కింద ఎన్ని గీతలున్నాయో ఒక్కొక్కటీ వేరువేరుగా కనపడుతోంది. ఏ లోహాన్నయినా చూడగానే ఉన్న లోపాలన్నీ మొహం మీదే చెప్పేసే మనిషి ఆయన.

"ఏవిటలా చూస్తున్నారు?" అంది కుముదిని, అనుమానంగా.

"ఏం లేదు," అన్నాడు మూర్తి. "నీ బొట్టు ఎర్రగా ఉందే. చాలా ఎర్రగా ఉంది."